చెనిక్కాయ అంచు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళ వయసులో చాలామందికి ఉండే జబ్బే అది. మందు లేకుండానే నయమవుతుంది కానీ, నయమయ్యేలోపు ఇంట్లోవాళ్ళు పడాల్సిందంతా పడతారు. డిగ్రీలో కొన్ని సబ్జెక్టులు మిగిలిపోయి (తప్పడాన్ని మా ఇంట్లో మిగలడం అనేవాళ్ళం, కాస్త మర్యాదగా ఉంటుందని) ధర్మవరం వీధుల్లో పని లేకుండా తిరుగుతున్న కాలం. చదువు కోసమని చెప్పి కొనిపించుకున్న పాత కంప్యూటర్ ఒకటి మా ముందుగదిలో ఉండేది. దాని మీద అమ్మ ఎప్పుడూ ఒక దుప్పటి కప్పి ఉంచేది, జలుబు చేస్తుందన్నట్టు. నేను దుప్పటి తీసి స్విచ్చి వేసినప్పుడల్లా వీధిలోని పిల్లలు కిటికీ దగ్గర చేరేవాళ్ళు. అంతటి మర్యాద నాకు ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. మా ఊళ్ళో చీర ఒకచోట పుడుతుంది, ఇంకోచోట పేరు తెచ్చుకుంటుంది. ఇక్కడ నేసిన చీర లారీ ఎక్కి ఎక్కడికో పోయి, అక్కడొక చీటీ అంటించుకుని, ఆ ఊరి చీరై కూర్చుంటుంది. కట్టుకున్నావిడ చచ్చేదాకా అది ఆ ఊరిదేనని చెప్పుకుంటుంది. పవర్‌లూం చీరకు చేనేత చీటీ వేస్తే చేనేత అయిపోవడం కూడా మేము చిన్నప్పటి నుంచి కళ్ళారా చూసిందే. కాబట్టి పేరు మారిస్తే వస్తువు మారుతుందన్న నమ్మకం నాకు పాలతో వచ్చింది. కంప్యూటర్ వేరే రాజ్యమని, అక్కడ మా ఊరి చట్టం చెల్లదని నాకెవరూ చెప్పలేదు.

నాయన మగ్గం నేసేవాడు కాదు. మగ్గానికి బొమ్మ చెప్పేవాడు. పెద్ద గళ్ళ కాగితం పరుచుకుని, పెన్సిలుతో ఒక్కొక్క గడీ నింపుతూ అంచులు, బుటాలు, కొంగులు గీసేవాడు. ఒక గడి అంటే ఒక పోగు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టల దండ మగ్గం మీద బిగించిన జాకార్డు యంత్రంలో తిరిగితే చీర మీద హంసో నెమలో నడుచుకుంటూ వస్తుంది. నాయనతో బస్సులో పోవడం నాకు భలే సరదాగా ఉండేది. పెళ్ళిళ్ళ కాలంలో ఎవరో ఒకావిడ పట్టుచీరతో ఎక్కేది. నాయన మెల్లగా నా మోకాలు తట్టి, "ఆ మామిడిపిందె నాదే" అనేవాడు. ఇంత చేసినాయన ఇంట్లో, అమ్మ మాత్రం నైలెక్సు చీరలోనే జీవితం వెళ్ళదీసింది. అడిగితే, పట్టు కట్టుకుని పొయ్యికాడ పని ఎట్లా చేసేదని ఎదురు ప్రశ్న వేసేది. అది సమాధానం కాదని మా ముగ్గురికీ తెలుసు.

ఆ ఏడు నాయన చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు తొణికేది, తర్వాత పెన్సిలు గడి దాటడం మొదలుపెట్టింది. గడి దాటితే గ్రాఫు పనికి రాదు. అనంతపురంలో చూపిస్తే చెయ్యి సంగతి తర్వాత, ముందు గుండె చూసుకోమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రాప్తాడు దాటాక నాయన, ఇంక ఒక్కటే గీస్తానని, అది పూర్తయితే పెన్సిలు మూల పెడతానని అన్నాడు.

గీసింది హంస కాదు, నెమలి కాదు, చెనిక్కాయ చెట్టు, అదే వేరుశనగ. అంచు పొడుగునా చెట్టు పక్కన చెట్టు, నాలుగేసి ఆకుల రెమ్మలు, మధ్యలో చిన్న పసుపు పువ్వు, కింద నేల గీత. చూసిన ఒక చీరల వ్యాపారి, అంచులో చెనిక్కాయలు సరే, కొంగులో చట్నీ కూడా గీయమని నవ్విపోయాడు. నాకూ నవ్వొచ్చింది. ఎవరు కొంటారు నాయనా దీన్ని అని అడిగాను.

"కొనేదానికి కాదురా. మీ అమ్మకు," అన్నాడు నాయన. "ఆమెకు చెప్పాకు."

అమ్మది కళ్యాణదుర్గం పక్కన పల్లె. పెళ్ళయ్యేదాకా చెనిక్కాయ చేన్లోనే పెరిగింది. తర్వాత వాళ్ళ నాన్న బోరు మీద బోరు వేయించి, రాయి తగిలి, చేను పోగొట్టుకున్నాడు. పుట్టింటి నుంచి అమ్మకు మిగిలింది ఆ పంట గురించి మాట్లాడటం ఒక్కటే. మబ్బు చూస్తే ఇప్పుడు పడితే ఊడలు దిగుతాయనేది. (పువ్వు రాలాక దాని కాడ వంగి భూమిలోకి దిగుతుంది, దాన్ని ఊడ అంటారు. దాని కొసనే కాయ కడుతుంది. ఊడ దిగే వేళకు వాన లేకపోతే పైన చెట్టు ఎంత పచ్చగా ఉన్నా కింద ఏమీ ఉండదు. మా జిల్లా చరిత్ర ఇంతే, పరీక్షలో రాయడానికి కూడా ఇది చాలు.) నాయన గ్రాఫులో నేల గీత దాకా గీసి, కింద భాగం తెల్లగా వదిలేశాడు. కాయలు చివర్లో పెడతానన్నాడు. ఆ చివరకు వచ్చేసరికి ఆయన చెయ్యి మాట వినడం మానేసింది.

అప్పటికి ఊళ్ళో అట్టలు కొట్టేవాళ్ళు ఒకరొకరే ఆ పని వదిలేస్తున్నారు. నాయనకు తమ్ముడిలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు, మడకశిర వైపు గొర్రెలు కాసిన కుటుంబం నుంచి వచ్చి మగ్గంలో స్థిరపడ్డాడు. జాకార్డు మీద అట్టల దండ తీసేసి దాని బదులు కంప్యూటర్ డబ్బా బిగించుకున్న మొదటివాళ్ళలో ఒకడు కాబట్టి అందరం మిషన్ మామ అనేవాళ్ళం. డబ్బాలో పెన్ డ్రైవ్ పెడితే చాలు, అట్టలు అక్కర్లేదు. పట్టు, జరీ తెచ్చిస్తే చీర తానే నేస్తానని, అన్న గీసినదానికి దుడ్లు అడిగితే తన చేతులు పడిపోతాయని మామ ఒట్టు పెట్టుకున్నాడు. ఇక మిగిలింది, కాగితం మీది చెట్టును పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం. కాయల సంగతి తర్వాత, ముందు చెట్టు మిషన్‌కు పనికొస్తుందో లేదో చూద్దామనుకున్నాం. ఆ బాధ్యత ఇంట్లో ఉన్న ఏకైక కంప్యూటర్ నిపుణుడి మీద పడింది. నాయన ఉండగానే చీర అమ్మ చేతిలో పెట్టాలి, నేను తలకెత్తుకున్న పని అది.

బస్టాండు వీధిలో డిజైన్ సెంటర్ పెట్టుకున్న సిస్టం భాయి దగ్గరికి పోయి గ్రాఫు స్కాన్ చేయించాను. మనిషి మంచివాడే, కాకపోతే కళ్ళు ఎప్పుడూ తెర మీదే. మనతో మాట్లాడేటప్పుడు కూడా తెరతోనే మాట్లాడుతున్నట్టుండేవాడు. ఇది మిషన్ మామ డబ్బాకు సరిపోతుందా అని అడిగితే తల తిప్పకుండానే, ఇది జేపీజీ అని, ఆ డబ్బా బీఎంపీ తప్ప ఇంకేమీ తినదని చెప్పాడు. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఆ మూడక్షరాలు ఉంటాయని నాకు తెలుసు. అంతేనా, అనుకున్నాను. ఇంత చిన్న పనికి ఆయన్ను విసిగించడం దేనికని ఇంటికి వచ్చేశాను.

దుప్పటి తీసి, స్విచ్చి వేసి, ఫైలు పేరు చివర జేపీజీ తుడిచేసి బీఎంపీ అని కొట్టాను. కంప్యూటర్ పాపం మర్యాదగానే అడిగింది, ఇలా మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, ఖాయమేనా అని. అంత మర్యాదగా హెచ్చరించే మనుషులు మా వీధిలో లేరు కాబట్టి నేను దాన్ని హెచ్చరిక అనుకోలేదు. అవును అని నొక్కేశాను. పైగా తెరిచి చూస్తే బొమ్మ చక్కగా కనిపించింది, ఆకులూ పువ్వూ అన్నీ ఉన్నాయి. (ఆ బొమ్మ చూపించే ప్రోగ్రాం పేరు సంగతి పట్టించుకోక, లోపల ఏముందో చూసుకుని తెరిచిందని నాకు చాలాకాలానికి తెలిసింది. అంత పెద్ద మనసు దానికి ఉండకపోయినా బాగుండేది.) నాయన నా వెనక నిలబడి చూస్తున్నాడు. అట్టలు కొట్టడానికి తమకు వారాలు పట్టేదని, నేను టీ చల్లారేలోపు చేసేశానని అన్నాడు. డిగ్రీ పాసై వచ్చినా నన్ను అంత గౌరవంగా చూసి ఉండడు.

మిషన్ మామ పెన్ డ్రైవ్‌కు కుంకుమ పెట్టి, డబ్బాకు అగరబత్తి తిప్పి, మూడుసార్లు దణ్ణం పెట్టి లోపలికి దూర్చాడు. ఎర్ర లైటు వెలిగింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్ర లైటే. కుంకుమ లోపలికి పోయిందేమోనని ఊదాడు. ఎంత ఊదినా అదే ఎరుపు. కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంది మామా, నేనే చేతులారా బీఎంపీ అని మార్చానని చెప్పాను. ఎట్లా మార్చావని అడిగాడు. పేరు చివర మార్చానని గర్వంగా చెప్పాను. మామ కొంచెంసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, గొర్రెకు తోక కిందికి ఏలాడతాది, మేకకు పైకి లేచింటాది. తోక చూసి ఏది ఏదో చెప్పొచ్చు, నిజమే. అట్లని మేక తోక వంచి పట్టుకుంటే గొర్రె అయితాదా? ఊరికే సుమ్నే మిషన్‌కు మేకను పెట్టి గొర్రె అంటాండావు," అన్నాడు.

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నాయన కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం అన్యాయం జరిగింది తనకే అన్నట్టు ముఖం పెట్టి, "చీరలకు నడుస్తాది గదరా," అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మూడక్షరాల పేరు తోక. ఇప్పటికీ నేను ఇంకోలా అనలేను.

మర్నాడు భాయి దగ్గరికి పోతే, ఈసారి తల తిప్పి మరీ నవ్వాడు. తోక సరిగ్గా మార్చి ఇవ్వడం తనకు నిమిషం పని అని, కానీ అలా మార్చినా స్కాన్ చేసిన బొమ్మతో మగ్గం నడవదని చెప్పాడు. కాగితం మీది మరక, మడత, పెన్సిలు నీడ అన్నీ అందులో రంగులే. మగ్గానికి కావాల్సింది బొమ్మ కాదు, ఏ పోగు లేవాలో ఏది పడాలో. కాబట్టి గ్రాఫును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి ఒక్కో గడీ నింపుతూ గీయాలి. పెళ్ళిళ్ళ కాలం, తనకు ఊపిరాడటం లేదు, సాఫ్ట్‌వేర్ తీసుకుపోయి ఇంట్లో నాయనను పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే గీసుకో అన్నాడు. ఆయన ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే, తీసుకుపొమ్మన్నాడు కదా అని, తెర మీదున్న ఆ సాఫ్ట్‌వేర్ ఐకాన్ బొమ్మను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. రెప్పపాటులో అయిపోయింది. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంత చిన్నగా ఎలా ఉందన్న అనుమానం నాకు రాలేదు. మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అందానికి పెట్టారనుకున్నాను.

ఇంట్లో ఆ బొమ్మను నొక్కితే, మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదని వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, లేదని అది అంతగా చెప్తుంటే నీకేమి పంతమని అడిగింది. మళ్ళీ భాయి దగ్గరికి పోయాను. ఆయన ఈసారి కుర్చీ కూడా తిప్పాడు.

"నీ చేన్లో బోరు కావల్లంటే బోరు లారీ రావల్లప్పా," అన్నాడు భాయి. "లారీ వచ్చి, పైపులు దించి, పని అయినాక పోతాది. నీకు మిగిలేది బోరు. సెటప్ ఫైలంటే ఆ లారీ. నువ్వేం చేసినావు? షార్ట్‌కట్‌ను కాపీ చేసినావు, అంటే నా చేన్లో మోటరు స్విచ్చి ఊడబెరుక్కొని పోయి మీ ఇంట్లో గోడకు కొట్టి, నీళ్ళు రాలేదని పరేషాన్ అయితాండావు."

అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. లారీని పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని వచ్చాను. ఆ పొద్దున మా ముందుగదిలో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడం ఒక చిన్న జాతరలా జరిగింది. ఇది బోరు లారీ లాంటిదని నేను చెప్పడమే పొరపాటు. నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదట్లోనే పేజీల కొద్దీ ఇంగ్లీషు వచ్చి, కింద ఒప్పుకుంటావా అని అడిగింది. దేనికి ఒప్పుకోవాలి అన్నాడు నాయన. తెలీదు నాయనా, అందరూ ఒప్పుకుంటారు అన్నాను. తెలియకుండా ఒప్పుకునే వంశం కాదు మనదని ఆయన, ఒప్పుకోకపోతే లారీ కదలదని నేను కాసేపు వాదించుకుని, చివరికి నేనే నొక్కేశాను. ఆకుపచ్చ గీత నింపుకుంటూ పోతుంటే నాయన ఎంత లోతు దిగిందని అడుగుతూనే ఉన్నాడు. బియ్యం చెరుగుతున్న అమ్మ కూడా చేట పట్టుకుని వచ్చి నిలబడింది. సగం దాటాక గీత కదలడం మానేసింది. చాలాసేపు కదలలేదు.

"రాయి తగిలినట్టుండాది," అంది అమ్మ.

ఆ మాటలో నవ్వు లేదు. చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న చేన్లో లారీ ఆగిపోయిన రోజు ఆమె అక్కడే నిలబడి ఉందని నాయన నాకు మెల్లగా చెప్పాడు. తర్వాత గీత దానంతటదే కదిలి, చివరిదాకా పోయి, అయిపోయిందని చెప్పింది. నాయన వంటింటి వైపు తిరిగి, నీళ్ళు పడినాయని గట్టిగా అరిచాడు. లోపలి నుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది. పని అయింది కదా, సెటప్ ఫైలు తీసేయనా అంటే నాయన ఒప్పుకోలేదు. బోరు ఎండితే మళ్ళీ లారీ కోసం ఎవరి కాళ్ళు పట్టుకోవాలని అడిగాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే, కరెంటు పోయేలోపు, ఇద్దరం కూర్చునేవాళ్ళం. గ్రాఫు చూసి ఒకరు చెప్తుంటే ఇంకొకరు అట్ట కొట్టడం పాత పద్ధతి. నాయన అదే పద్ధతిలో చెప్పేవాడు. మూడు నింపు, రెండు వదులు, ఒకటి నింపు, వరస మార్చు. నేను మౌసు నొక్కేవాణ్ణి. దేవుడి దగ్గర మంత్రం చదివినట్టు ఒకే రాగం. సేవ్ చేసి దాచుకోకముందే కరెంటు పోతే మొత్తం పోయేది, అప్పుడు ఆయన పోనీలే, మొలక రాలేదనుకో, మళ్ళీ విత్తుదాం అనేవాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి, గడుల మధ్యలో నాకు ఎన్నో చెప్పాడు. అమ్మను మొదటిసారి చూడబోయినప్పుడు ఆమె గడ్డి అంటిన తలతో చేన్లోంచి వచ్చి, గుప్పెడు పచ్చికాయలు పెట్టిందట. మాట్లాడటానికి ఏమీ తోచక అన్నీ తినేశాడట, దారి పొడుగునా కడుపునొప్పి పడ్డాడట. అమ్మ వచ్చేసరికి మాత్రం నాలుగు నింపు, ఒకటి వదులు అనేవాడు.

అమ్మకు ఇది ఎవరో సేఠు ఆర్డరని చెప్పాం. తెర మీద చెట్టు చూసి ఆమె నవ్వి, రెమ్మకు నాలుగు ఆకులు సరిగ్గా పెట్టినారు, ఎవరో తెలిసినవాళ్ళే అంది. ఇదెవరికి, ఈ పిచ్చి చీర అని అడిగితే నాయన తెర మీంచి కళ్ళు తీయకుండా, "యాడనో ఒకామెకంట," అన్నాడు. ఎవరోగానీ పుణ్యాత్మురాలు అంటూ ఆమె పనిలోకి పోయింది.

నేల గీత దాకా వచ్చేశాం (ఒక్క చెట్టు గీస్తే చాలు, అంచు పొడుగునా మిషన్ దాన్నే మళ్ళీ మళ్ళీ నేస్తుంది). ఇక గ్రాఫు లేదు. కాయలు నాయన తలలోనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఊడ ఇట్లా దిగుతాది, ఒక గడి కిందికి, ఒకటి పక్కకి, మళ్ళీ కిందికి. ఊపిరి ఆడక మధ్యలో ఆగేవాడు. నేను కూడా మౌసు మీద వేలు పెట్టి ఆగేవాణ్ణి. కాయ మధ్యలో సన్నగా నొక్కినట్టుండాలని, లేకపోతే చింతగింజలా ఉంటుందని అమ్మ కిటికీలోంచి తెర చూసి వాకిట్లోంచే దబాయించింది. చెరిపి మళ్ళీ పెట్టాం. మధ్యాహ్నానికి ఒక కాయ తయారైంది, లోపల రెండు గింజలు ఉన్నాయని బయటి నుంచే తెలిసేటట్టు. నాయన చాలాసేపు దాన్ని చూశాడు.

"బాగుండాది. రేపు ఇంకా నాలుగు పెడదాం," అన్నాడు. "తోక సరిగా పెట్టి దాచు."

పెట్టాను. బీఎంపీ, ఈసారి నిజమైనది. మర్నాడు పొద్దున నేను దుప్పటి తీసి, స్విచ్చి వేసి, నాయన కుర్చీ పక్కకు లాగి పిలిచాను. లేవలేదు. నిద్రలోనే పోయాడు. ఇంతకంటే ఈ ముక్కను ఎలా రాయాలో నాకు ఇన్నేళ్ళయినా తెలియదు. కర్మకాండలయ్యేదాకా ఆ కంప్యూటర్ మీది దుప్పటిని అమ్మ తీయనివ్వలేదు. కుర్చీ మాత్రం అక్కడే ఉండేది, ఎవరూ కూర్చోలేదు, ఎవరూ తీయలేదు.

కొన్నాళ్ళకు మిషన్ మామ వచ్చి, అన్న చీర నేయకపోతే తనకు నిద్ర పట్టదన్నాడు. నేను సిస్టం భాయి దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన ఆ రోజు తెర ఆపేసి మాట్లాడాడు. ఉన్న కాయను కాపీ చేసి పక్కపక్కన పెట్టుకుంటూ పోతే చెట్టుకు బుట్టెడు కాస్తాయి, వాన కూడా అక్కర్లేదు అన్నాడు. నిజమే, నిమిషం పని. ఇంటికి వచ్చి పెట్టేశాను. అలాంటి దిగుబడి మా జిల్లా ఎన్నడూ చూసి ఉండదు. అమ్మను పిలిచి కూర్చోబెట్టి, ఇది సేఠు ఆర్డర్ కాదని, నాయన నీకోసమే గీశాడని, చెప్పొద్దన్నాడని చెప్పాను.

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"యాడనో ఒకామెకంట అన్న్యాడే," అంది తర్వాత. తెర దగ్గరికి వంగి కాయల మీద వేలు పెట్టింది. "ఇవన్నీ ఆయన చెప్పినవేనా?"

ఒకటే నాయన చెప్పింది, మిగిలినవి నేను పెట్టినానని చెప్పాను.

"తీసెయ్. మిగిలినవి తీసెయ్."

ఒక్కొక్కటే తీసేశాను. నేల కింద ఆ ఒక్క కాయ మిగిలింది. అమ్మ దాన్ని చూస్తూ, "చెట్టుకొక్క కాయ. ఇత్తనానికి చాల్లే," అంది.

మామ డబ్బాలో పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు పచ్చ లైటు వెలిగింది. ఎర్ర లైటుకు రాని ఏడుపు నాకు పచ్చ లైటుకు వచ్చింది. మామ నన్ను చూడనట్టు నటిస్తూ పోగులు సర్దుకున్నాడు. చీర ముదురు ఆకుపచ్చ, అంచు మట్టి రంగులో, చెట్టు జరీలో. ఇంటికి తెచ్చిన రోజు చుట్టాలు, ఇప్పుడు ఈమెకు పట్టేమిటని మూలన గుసగుసలాడారు. అమ్మ వింటూనే చీర మడతలు సర్దుకుంది. ఎప్పుడు కట్టుకుంటావమ్మా అని నేను అడిగితే, వాన వచ్చినప్పుడు అంది. అన్నమాట నిలబెట్టుకుంది. మంచి వాన పడిన రోజున ఆ చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంటుంది, ఎవరేమనుకున్నా సరే. పట్టుచీర నలగకుండా ఉండాలంటే మా జిల్లాలో ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. ఇన్నేళ్ళయినా దాని మడతలు కొత్తగానే ఉన్నాయి.

ఇప్పుడు నాదే ఒక డిజైన్ సెంటర్. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఫైలు తోక మార్చేసి, అయిపోయిందన్నా అంటారు. నేను గొర్రె, మేక కథ చెప్తాను. ఈమధ్య ఫోన్లో పెళ్ళి పత్రిక అంటూ ఏదో వస్తోంది, తోక చూస్తే ఏపీకే, అంటే ఫోన్‌లో దిగే సెటప్ ఫైలు. పెళ్ళికి పిలిచేవాడు మన ఇంట్లోకి బోరు లారీ ఎందుకు తోలుకొస్తాడో ఆలోచించుకోమని చెప్తుంటాను. నాయన దాచమన్న ఆ సెటప్ ఫైలు ఇప్పటి కంప్యూటర్లలో నడవదు. అయినా పాత పెన్ డ్రైవ్‌లో అలాగే ఉంచాను, కుంకుమ మరకతో సహా.

మొన్న సాయంత్రం పడమటి వైపు మబ్బు పట్టింది. సెంటర్ మూసి ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఆకాశం చూస్తోంది, చేతిలో బీరువా తాళంచెవి. గాలి మబ్బును అప్పుడే పక్కకు తోసేస్తోంది, నాకు కనిపిస్తూనే ఉంది.

"పడతాదంటావా?" అని అడిగింది.

"పడతాదిలేమ్మా," అన్నాను. ఎవరైనా ఖాయమేనా అని అడిగితే, చదవకుండా అవును నొక్కేసే ఆ కుర్రవాడి అలవాటు నాకింకా పోలేదు.